ఊపిరి బిగబట్టినప్పుడు వినబడ్డ ‘ఆయ్’

2008 ఆగస్టు 20, బుధవారం, మధ్యాహ్నం మూడుంబావు. అమలాపురంలో ఒక స్కానింగు గది. ఉన్నవాళ్ళం: మా అన్నయ్య, వదిన, డాక్టరుగారు, నేను. ఐదో మనిషి లేరు.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కాలవ లాకుల దగ్గర నీటిమట్టాలు రాసి రిటైరైనవాణ్ణి. కంటితో చూసిందే డైరీలో రాస్తాను.

అన్నయ్యకి కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బితే, రెండేళ్ళ కిందట హైదరాబాదులో దాని లోపల గొట్టం అమర్చారు. రక్తం ఆ గొట్టంలోంచే పోవాలి. చుట్టూ మిగిలిన పాత ఉబ్బులో స్కానింగు మిషనుకి రక్తం పారే చప్పుడేదీ ఉండకూడదు. ఉంటే గొట్టం కారుతున్నట్టే, మళ్ళీ ఆపరేషనే. ఆయన గుండె ఇంకోసారి మత్తు తట్టుకోదని ముందే చెప్పేశారు. అందుకే ఏటా స్కానింగంటే మాకు వణుకు.

జెల్లు పూసి డాక్టరుగారు “ఊపిరి బిగబట్టండి” అన్నారు. అన్నయ్య బిగబట్టి, సరేనండీ అన్నట్టు మర్యాదకి “ఆయ్” అన్నాడు. ఊపిరి కాస్తా పోయింది, తెర మీద బొమ్మ చెదిరింది. మూడుసార్లు ఇదే వరస.

“బాబాయిగారూ, ఆయ్ అనకండి. బిగబడితే చాలు.”

“ఆయ్.”

వదిన నవ్వింది. “నలభై ఏళ్ళుగా నేనేం చెప్పినా ఒక్క ఆయ్ రాలేదండీ డాక్టరుగారూ. అన్నీ మీకోసం దాచేరు.”

నాలుగోసారి అన్నయ్య అరచేత్తో నోరు మూసుకున్నాడు. స్పీకర్లో గొట్టంలోని రక్తం హోరుమంటోంది. డాక్టరుగారు చేతిలోని మిషను పిడిని పాత ఉబ్బు మీదికి జరిపారు. హోరు ఆగింది.

“ఊపిరి బిగబట్టండి.”

“ఆయ్.”

మిషనులోంచి వచ్చింది. ముసలి గొంతు, నీళ్ళ అడుగు నుంచి పలికినట్టు. అన్నయ్య చెయ్యి నోటి మీదే ఉంది. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. తెర మీద, ఉబ్బులో, ఎర్రటి చుక్క ఒకటి వెలిగి ఆరిపోయింది.

“ఎవరండీ అన్నది?” అన్నారు డాక్టరుగారు. “ఇందులో రక్తం చప్పుడే వస్తుందండీ. మాట రాదు” అని ఆయనే అన్నారు. ఆ చుక్క ఏమిటో తేలాలి, పొద్దున్నే పరగడుపున రమ్మన్నారు.

మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని అన్నయ్య ఒక్కటే అడిగాడు: “ఒరేయ్, నేను అనలేదు కదరా?”

మర్నాడు ఏడున్నరకి వెళ్ళాం. డాక్టరుగారు స్పీకరు ఆపేసి, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నారు. నోరు విప్పలేదు. బిగబట్టమనడానికి అరచెయ్యి ఎత్తారు, వదలమనడానికి దించారు. తెర మీద చుక్క లేదు. ఒకచోట మాత్రం ఆయన చెయ్యి ఆగిపోయింది. చాలాసేపు విన్నారు. ఆ చల్లటి గదిలో ఆయన చెవుల వెనక చెమట కారడం చూశాను.

గొట్టం కారడం లేదని రిపోర్టు రాసిచ్చారు. వదిన కళ్ళు తుడుచుకుంది.

డాక్టరుగారు గుమ్మం దాకా వచ్చి, నాతో మెల్లగా, “వచ్చే ఏడాది కాకినాడలో చేయించండి” అన్నారు.

“మిషను బాలేదా అండీ?”

“బాగానే ఉందండీ” అని తలుపేసుకున్నారు.

ముందురోజు నేను విన్నది ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఆ పొద్దున ఆయన విన్నదేమిటో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.