ఎడారి బావ

ఆయన పనిచేసే చోట నీళ్లు దొంగసరుకుతో సమానం. గేటు దగ్గరే తాగే సీసా లాగేసుకుంటారు. తలస్నానం చేసి వెళితే జుట్టు ఆరేదాకా బయటే నిలబెడతారు. అక్కడున్న చిన్న అణు రియాక్టర్‌ను చల్లబరిచేది నీళ్లు కాదు మరి, కరిగిన సోడియం. గొట్టాల్లో బుద్ధిమంతురాలిలా పారే ఆ లోహానికి నీటిచుక్క తగిలితే చాలు, భగ్గుమంటుంది.

ఆయన ఆ గొట్టాల విభాగానికి ఫోర్‌మన్. కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేదీ ఆయనే. ఉత్తుత్తి మంట ఒకటి పెట్టి, పక్కనే కావాలని నీళ్ల బకెట్ ఉంచేవాడు. దాన్ని ముట్టుకున్నవాడికి ఆ పూట అక్షింతలే. “మంట కనబడితే ముందు నీళ్లను అవతలికి తోసెయ్యండి. తర్వాత గోడకున్న ఎర్ర డబ్బాలోంచి పొడి చల్లండి. ఆలోచిస్తూ కూర్చోకండి” అనేవాడు. ఏళ్ల తరబడి అదే పాఠం చెప్పీ చెప్పీ అది ఆయన ఒంట్లో జీర్ణించుకుపోయింది.

ఇంట్లో బావమరిది ఆయనకు ఎడారి బావ అని పేరు పెట్టాడు. “బావా, అక్కడ కన్నీళ్లు పెట్టుకోవాలన్నా పర్మిషన్ కావాలా?” అని ఏడిపించేవాడు. ఆయన ముసిముసిగా నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఆదివారం ఆయన భార్య టీ పెడుతూ, పొయ్యి మీదుగా చెయ్యి చాపి పంచదార డబ్బా అందుకోబోయింది. ఆమె వదులు నైటీ చేతికి మంట అంటుకుంది. కూతురు గుమ్మం దగ్గరున్న బకెట్ ఎత్తుకుని ఉరికింది.

ఆయన అడ్డం దూకి బకెట్‌ను తోసేశాడు. “నీళ్లొద్దు!” అని అరిచాడు. నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఆయన చెయ్యేమో వంటింటి గోడమీద ఎర్ర డబ్బా కోసం తడుముతోంది. బావమరిది పరుగున వచ్చి అక్కకు దుప్పటి చుట్టి మంట ఆర్పేదాకా తడుముతూనే ఉంది.

అప్పుడు తెలిసింది ఆయనకు, అది ఇల్లని. కట్టుకున్నదాన్ని కాల్చుకున్నానన్న మాట తప్ప ఆయన బుర్రలో మరేమీ లేదు.

ఆసుపత్రిలో, భుజందాకా కట్టుతో ఉన్న భార్య నెమ్మదిగా అడిగింది. “ఏవండీ, నేను కనబడలేదా?”

“మంట కనబడింది” అన్నాడాయన.

ఆమె దాహమంది. బల్లమీది గ్లాసు కోసం ఆయన లేచాడు. కూతురు గబుక్కున గ్లాసు తీసుకుని, ఆయన చేతికి అందకుండా మంచానికి అటువైపు వెళ్లి, తల్లికి నీళ్లు తాగించింది.