జెమిని గోత్రం

విశాఖ పోర్టులో ఓడల ఏజెంటు గురునాథరావు కారు తోలే సన్యాసిరాజుకు ఆ తెల్ల జెమిని కారంటే ప్రాణం. ఎనభై రెండులో ఊళ్లో అలాంటిది మరొకటి తిరిగేది కాదు. ఓడ దిగిన కెప్టెన్లు మాత్రం దాన్ని చూడగానే చుట్టాన్ని చూసినట్టు సంబరపడేవారు. బ్రెజిల్ ఆయన "మా దేశపు షెవెట్!" అని బానెట్ చరిచాడు. జర్మనీ ఆయన "కాదు, మా కాడెట్!" అని తగువుకొచ్చాడు. సన్యాసిరాజుకు ఒళ్లు మండేది. జపాను నుంచి దిగిన బండికి పేరు పెట్టడానికి వీళ్లెవరు?

అలాంటి బండి ఓ సోమవారం ఉన్నట్టుండి వెనక నుంచి దడదడలాడింది. వెనక ఇరుసును పట్టి ఉంచే రబ్బరు బుష్ చిరిగిపోయింది. మద్రాసులోనూ దొరకలేదు, బొంబాయిలోనూ లేదు.

"శనివారానికి సింహాచలం ఘాటు రోడ్డు ఎక్కకపోతే దీన్ని తుక్కు కింద అమ్మేస్తాను. నువ్వు అంబాసిడర్ తోలుకో" అన్నాడు గురునాథరావు.

బుధవారం కంచరపాలెంలో తుక్కుకొట్టు ముందు నుంచి వెళ్తుంటే, ఎవరో ఇంగ్లీషు ఇంజనీరు వదిలేసిపోయిన పచ్చ కారు కనిపించింది. దాని వెనక "షెవెట్" అని ఉంది. బ్రెజిల్ ఆయన అన్న మాటే! సన్యాసిరాజు పరుగున పోయి మెకానిక్ చలమయ్యను లాక్కొచ్చాడు.

"పేరే వేరు కదా బావా! పిచ్చెక్కిందా ఏటి?" అన్నాడు చలమయ్య.

"ఇంటిపేరు వేరైతే ఏటి బావా, గోత్రం ఒకటే అయ్యుంటాది. ఇప్పి సూడు!"

కొట్టు యజమానిని ఒప్పించి, తిట్టుకుంటూనే చలమయ్య కారు కింద దూరాడు. ఊడదీసిన బుష్‌ను జెమినిలోని చిరిగిన బుష్ పక్కన పెడితే రెండూ తోబుట్టువులే! జెమినికి బిగిస్తే సరిగ్గా కూర్చుంది. "ఓరి నీ దుంప తెగ!" అని చలమయ్య కేకపెట్టాడు. సన్యాసిరాజు గ్రీజు చేతులతోనే అతణ్ణి ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

శనివారం గురునాథరావు వెనక సీట్లో మూతి బిగించుకుని కూర్చున్నాడు. జెమిని ఘాటు మలుపులు ఒక్కొక్కటీ దాటుతోంది, వెనక చక్రాలు బండిని కొండ మీదికి తోసుకుపోతున్నాయి. చప్పుడన్నదే లేదు. "అప్పన్న బాబో!" అని సన్యాసిరాజు అరుస్తూనే ఉన్నాడు.

పైన గుడి ముందు బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజారి "గోత్రం?" అని అడిగాడు. యజమాని నోరు తెరిచేలోపే సన్యాసిరాజు అందుకున్నాడు.

"నాను సెప్తాను బాబూ! జపాను, ఇంగ్లండు, జర్మనీ, బ్రెజిలు. ఈ బండికి అందరూ సగోత్రీకులే!"

గురునాథరావుకు నవ్వు ఆగలేదు. "ఇంతమంది చుట్టాలున్నదాన్ని అమ్మితే నన్ను బతకనిస్తారా? నువ్వే తోలు" అన్నాడు.

కళ్లు తుడుచుకుని సన్యాసిరాజు బండిని నిమ్మకాయల మీదుగా ముందుకు పోనిచ్చాడు.