వస్తాది అనే కుక్క

ఏసుదానం మాస్టారు అబద్ధమాడరు. ఇందులో వింతేముంది, అలాంటివాళ్ళు ఊరికి నలుగురుంటారు అనుకోవచ్చు. వాళ్ళు వేరు. ఈయన మర్యాదకి కూడా ఆడరు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ, మాటకి మాట సరిగ్గా భాగించబడాలనే పట్టు రిటైరవలేదు. ఆ పట్టుతో ముప్పై ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నది ఆయన భార్య అన్నమ్మ.

"బియ్యం నిండుకున్నాయండీ" అందంటే చాలు, లేచి డబ్బా మూత తీసి చూసేవారు. "నిండుకోడమేటి? అడుగు కనపడతన్నాది. అయిపోయినాయి అను." దీపం కొండెక్కిందంటే "ఏ కొండ?" అనేవారు. పాస్టరు గారు ఓ ఆదివారం గుమ్మం దగ్గర చేయి కలుపుతూ "ఇయాళ వాక్యం ఎలాగున్నాది మాస్టారూ?" అని అడిగారు. "నేను నిద్దర్లెగిసిన కాడ్నించీ బాగున్నాది" అన్నారీయన. ఆ తరవాత పాస్టరు గారు చేయి మాత్రం కలుపుతున్నారు, ఏమీ అడగడం లేదు.

అన్నిటికన్నా కష్టం సెలవు తీసుకునేటప్పుడు. ఎవరింట్లోంచి లేచినా "వస్తాను" అంటాం. "వెళ్తాను" అంటే అపశకునం. మాస్టారి నోట వస్తానన్న మాట చస్తే రాదు. గంగులు కూతురి పెళ్ళిలో చేయి కడుక్కుని, "ఎల్తన్నాను గంగులూ" అన్నారు.

"శుభమా అని పెళ్ళి జరుగుతంటే ఆ మాటేటి మాస్టారూ! వస్తాననండి!" అన్నాడు గంగులు కంగారుగా.

"మళ్ళీ ఏల వస్తాను? బోజనం అయిపోనాది కదా."

గంగులు భార్య అక్షింతలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సిగ్గుతో అన్నమ్మ ఇంటిదాకా కొంగు నోట్లోంచి తీయలేదు.

నవ్వుకోడానికి ఇవన్నీ బాగానే ఉండేవి, తిత్లీ తుపాను వచ్చేదాకా. నరసన్నపేటకి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న వాళ్ళ ఊరిని అది అడ్డంగా దున్నేసింది. ఊరి వెనక కొండవార జీడిమామిడి అడవిలో సగం చెట్లు పడిపోయాయి. అడవి దారి మొదట్లో చివరి ఇల్లు దాలమ్మది. ఒంటరి మనిషి. ఉన్న తోడల్లా గౌరి అనే ఆవు. గాలికి ఆవు పాక కూలేలా ఉందని దాలమ్మే పలుపుతాడు విప్పి ఆవుని తోలేసింది. పాక కూలలేదు. అడవిలోకి పరిగెత్తిన ఆవు మాత్రం తిరిగి రాలేదు.

ఆ రోజు నించీ దాలమ్మ సాయంత్రమయ్యేసరికి ఒళ్ళో ఖాళీ పలుపు పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. "వస్తాదిలే" అన్నారు ఊళ్ళో అందరూ. ఊరడింపు మాటని ఎవరు నమ్ముతారు? ఓ రోజు మాస్టారు అటుగా వెళుతుంటే ఆపింది.

"బాబూ, మీరైతే అబద్దమాడరు. సెప్పండి, నా గౌరి వస్తాదా?"

ఒక్క మాట. మూడక్షరాలు. మాస్టారు నేలకేసి చూశారు, కొండకేసి చూశారు. చివరికి "నాకు తెల్దు దాలమ్మా" అన్నారు.

ఆ పూట నించీ దాలమ్మ రాత్రి తిండి మానేసింది. ఆ సంగతి తెలిసి అన్నమ్మ రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది గానీ, మాట్లాడకపోతేనే బాగుండేది.

"వస్తాదంటే మీ సొమ్మేటి పోయింది? పరలోకంలో మీ కుర్చీ లాగేత్తారా?"

"తెల్దన్నదే నిజం."

"నిజం వండుకు తినమనండి దాన్ని!"

మాస్టారు కంచం పక్కకి జరిపేశారు. ఆయనకీ రెండు రోజులుగా ముద్ద దిగడం లేదని అన్నమ్మ చూసింది. చూసినా కోపం తగ్గలేదు.

ఆ వారమే ఎక్కడినించో ఓ ఊరకుక్కని వెంటబెట్టుకొచ్చారు. ఎర్రది, ఒక చెవి వాలిపోయింది. జీవితంలో కుక్కని చేరదీసిన మనిషి కాదు.

"టైగరని పెడదాం" అంది అన్నమ్మ కాస్త మెత్తబడి.

"టైగరంటే పులి. ఇది పులి కాదు."

"రాణీ అందాం."

"దీనికి రాజ్యమేదీ?"

"పోనీ మీరే సెప్పండి, పేరేటి?"

"వస్తాది."

"వచ్చినప్పుడు సెబుదురు గానీ, ముందు పేరేటో సెప్పండి!"

"సెప్పినాను కదా. దాని పేరే వస్తాది."

ఊరు వారం రోజులు నవ్వింది. ఆ కుక్కకి ఒక్కటే అవలక్షణం, పిలిస్తే రాదు. అన్నం గిన్నె చప్పుడుకి వస్తుంది, పిల్లి వాసనకి వస్తుంది, పేరు పెట్టి పిలిస్తే మాత్రం వాలిపోయిన చెవి కూడా ఎత్తదు. అన్నమ్మకి ఇన్నేళ్ళకి మాస్టారు చేతికి చిక్కారు.

"పిలిస్తే రాని కుక్కకి వస్తాదని పేరెట్టడం అబద్దం కాదేటండీ?"

మాస్టారు కండువా దులుపుకుని, కుక్కని తీసుకుని అడవి దారి పట్టారు.

దినామూ పొద్దువాలే వేళకి అదే వరస. కాసేపటికి కొండవార నించి "వస్తాదీ! వస్తాదీ!" అని ఊరంతా వినపడే కేక. అంత పెంకి కుక్కని రోజూ అడవికి తిప్పడమెందుకో అన్నమ్మకి అంతుపట్టలేదు. మార్చిలో ఓ సాయంత్రం తనూ చెప్పులేసుకుని ఆయన వెంట బయల్దేరింది.

పడిపోయిన జీడిచెట్లు పడుకున్నచోటే చిగుర్లేశాయి. పూత వాసన గుప్పుమంటోంది. పెళ్ళైన కొత్తలో ఈ దారినే ఇద్దరూ నడిచేవారు, అప్పుడు "అలిసిపోయావా?" అని అడిగితే "లేదు" అని ఆమె అబద్ధమాడేది, ఇంకాస్త దూరం నడవొచ్చని. ఆ రోజులు గుర్తొచ్చి అన్నమ్మ అడుగులు పెద్దవి చేసి ఆయన పక్కకి చేరింది.

వంద అడుగులు వేశాక మాస్టారు ఆగారు. కుక్క ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని గోక్కుంటోంది. ఆయన అడవికి వీపు పెట్టి, ఊరివైపు తిరిగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని కేకేశారు.

"వస్తాదీ! వస్తాదీ!"

"ఏటండీ, కాళ్ళ కాడే ఉన్నాది కదా!"

"ఉన్నాది."

"మరి?"

"నా కుక్క, నా పిలుపు. తప్పేటి?"

కింద దాలమ్మ ఇల్లు కనపడుతోంది. ఆమె అరుగు మీంచి లేచి, పలుపు వంకెకి తగిలించి, లోపలికెళ్ళి కంచం తెచ్చుకుంది. అన్నమ్మకి అంతా అర్థమైంది. ఆ మొండి మనిషి మీద జాలీ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఆ క్షణాన్నే పొదలోంచి కుందేలు దూకింది. కుక్క దాని వెనకాల పడి అడవిలో మాయమైంది. మాస్టారు ఈసారి అడవివైపు తిరిగి నిజంగా పిలిచారు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచారు. చీకటి పడుతుంటే అన్నమ్మ చేయి పట్టుకుని దించుకొచ్చి దాలమ్మ అరుగు మీద కూర్చోబెట్టింది.

"ఎల్లిపోనాది దాలమ్మా" అన్నారు. చిన్నపిల్లాడిలా అడిగారు. "వస్తాదంటావా?"

"వస్తాది" అంది దాలమ్మ, ముద్ద కలుపుకుంటూ.

"నీకెలా తెలుసు?"

"నాకు తెల్దు బాబూ. అయినా వస్తాది."

కంచంలో ఎండుచేప ముక్క వాసన తగిలిందేమో, ఒళ్ళంతా ఉత్తరేణి గింజలు అంటించుకుని కుక్క రానే వచ్చింది. దాలమ్మ దానికో ముద్ద పడేసింది.

"నా గౌరి రాదని నాకు తెల్దేటి? అయిదు నెలలైనాది" అంది మెల్లగా. "అబద్దమాడని మనిసి నా కోసరం కుక్కని తెచ్చి, పేరెట్టి, దినామూ గొంతు సించుకుంతన్నాడు. నేను తినకపోతే బాగుంతాదా? అందుకే తింతన్నాను."

"నేను కుక్కనే పిలిసినాను" అన్నారు మాస్టారు పౌరుషంగా.

"అవును బాబూ. కుక్కనే."

ముగ్గురూ నవ్వారు. లేచేటప్పుడు ఆయన మెట్టు దిగి, ఆగి, వెనక్కి తిరిగారు.

"వస్తాను దాలమ్మా."

అన్నమ్మ ఉలిక్కిపడింది. దారిలో అడిగింది, "రేపు రాకపోతే అబద్దమైపోతాది, తెలుసా?"

"రాకపోతే కదా."

అన్న మాట నిలబెట్టుకోడానికి మర్నాడు వెళ్ళారు. లేచేటప్పుడు మళ్ళీ "వస్తాను" అన్నారు కాబట్టి ఆ మర్నాడూ వెళ్ళాల్సొచ్చింది. ఆ చిక్కులోంచి మాస్టారు ఇంతవరకూ బయటపడలేదు. అన్నమ్మ కూర గిన్నె పట్టుకుని వెనకాలే వెళుతుంది. కుక్క మాత్రం ఇప్పటికీ పిలిస్తే రాదు.