తేదీ లేని రాజీనామా

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నా చేతులకు పిండి ఉంది. రేపల్లె నుంచి బావ చేశాడు. "అమ్మ ఇక లేదు" అన్నాడు. నేను ముందు చేసిన పని పొయ్యి ఆర్పడం. నూనె కాగుతుంటే ఏ కబురొచ్చినా ముందు పొయ్యి ఆర్పాలని నేర్పింది ఆవిడే.

మీలో ఎవరైనా రేపల్లెలో మా వాళ్ళ ఇళ్ళకు క్రిస్మస్‌కి వచ్చి ఉంటే ఆవిడ చేతి గులాబీ పువ్వులు తినే ఉంటారు. ఇనుప అచ్చును కాగే నూనెలో వేడిచేసి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో పెడితే పువ్వు విడివడుతుంది. ఇంటి వరండాలో ఏడాది పొడుగునా చేసి అమ్మేది. విరిగినవి తను తినేది, అదీ మర్నాడు. "కొన్నవాళ్ళు ఇవాళే తినేస్తారా ఏంటి? రేపటికి ఎలా ఉంటాయో నాకు తెలియొద్దూ?" అనేది. అంత నిక్కచ్చి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పట్లో నాది తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో గుమాస్తా ఉద్యోగం. మొన్న క్రిస్మస్‌కి ఆవిడ దగ్గర నేర్చుకున్న పువ్వులు మా చర్చి వాళ్ళకు చేసిచ్చాను. అడిగినవాళ్ళందరికీ చేయలేకపోయాను. అంతే, నాకు కొమ్ములొచ్చాయి. సొంతంగా కొట్టు పెడదామని రాజీనామా రాసుకుని, జనవరిలో రేపల్లె బండెక్కి ఆవిడకు చూపించబోయాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

పువ్వులు వేస్తూనే కాగితం అందుకుంది.

"అత్తయ్యా, జిడ్డు!" అని అరిచాను. తేదీ కోసం ఖాళీ వదిలిన చోట బొటనవేలి గుర్తు పడనే పడింది.

"తేదీ వెయ్యలేదుగా, పాడేం కాలేదు. కొట్టు ఎప్పుడు తెరుస్తావు?"

"వచ్చే నెల్లో."

"వచ్చే నెల్లో శ్రమల దినాలు మొదలు. ఈస్టర్ దాకా మనోళ్ళు తీపి ముట్టరు. ఎవరికి అమ్ముతావే?"

అప్పుడు చెప్పింది తన సంగతి. వయసులో ఉండగా ఆవిడ బాపట్లలో ఓ ఆఫీసులో టైపిస్టు. క్రిస్మస్ గిరాకీ చూసి ఉద్యోగం మానేసి, సరిగ్గా శ్రమల దినాల్లోనే కొట్టు తెరిచింది. చర్చి వాళ్ళు ఆప్యాయంగా పలకరించి వెళ్ళిపోయేవాళ్ళట. చివరికి బుట్ట పట్టుకుని సూర్యలంక బీచికి వెళ్తే, ముక్కూ మొహం తెలియని వాళ్ళు కొన్నారు.

"పండక్కి మనోళ్ళు కొన్నది ప్రేమ, అమ్మాయ్. మామూలు మంగళవారం నాడు పరాయివాడు మళ్ళీ వచ్చి అడిగాడూ, అదీ వ్యాపారం."

ఉద్యోగం చేసుకుంటూనే శ్రమల దినాలన్నీ పొద్దున్నే చేసి పరాయివాళ్ళకు అమ్మమంది. కాగితం తన దగ్గరే ఉంచుకుని, ఈస్టర్ వెళ్ళాక వచ్చి అడగమంది. నాకు కోపం వచ్చింది. ఎక్కడ తన కంటే బాగా అమ్ముతానోనని కుళ్ళేమో అని కూడా అనుకున్నాను. ఇప్పుడది చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

అయినా చేశాను. తెనాలి స్టేషను దగ్గర టీ కొట్లో పువ్వులు సీసాలో పేర్చి అమ్మకానికి పెట్టేదాన్ని. మొదట్లో సగం మిగిలేవి. మిగిలినవి మర్నాడు తిని చూస్తే మెత్తబడుతున్నాయి. పిండి కలిపే తీరు మార్చుకున్నాను. ఓ గురువారం జ్వరమొచ్చి వెళ్ళలేదు. మర్నాడు టీ కొట్టాయన, "నిన్న రాలేదేంటమ్మా? ఇద్దరు ముగ్గురు అడిగి వెళ్ళారు" అన్నాడు. అక్కడి నుంచే ఆవిడకు ఫోను చేశాను.

"అత్తయ్యా, అడిగారంట!"

"ఎప్పుడు? మంగళవారమేనా?"

"కాదు, గురువారం."

"సర్లే, గురువారమూ చెల్లుతుంది" అని పడీ పడీ నవ్వింది. ఆవిడతో అదే ఆఖరి మాట. మర్నాడు పొద్దున్నే బావ ఫోను.

సమాధి దగ్గర నుంచి ఇంటికొచ్చాక బావ ఆవిడ బైబిల్లోంచి కాగితం తీసి, "ఇది నీదేగా" అని ఇచ్చాడు. వెంటనే తేదీ వెయ్యలేదు. ఆవిడ చెప్పినట్టే ఈస్టర్ దాకా ఆగాను. ఆ తర్వాత వేయబోతే జిడ్డు మీద పెన్ను సాగలేదు. ఇంకో కాగితం మీద మొత్తం తిరగరాసి, తేదీ వేసి, స్కూల్లో ఇచ్చి వచ్చాను.

పాతది నా చిన్న కొట్టు కిటికీ అద్దానికి అంటించుకున్నాను. పొద్దున నూనె కాగే వేళకు దాని మీద ఎండ పడుతుంది. ఆవిడ బొటనవేలి జిడ్డు పడిన చోట మాత్రం వెలుతురు ఇవతలికి వస్తుంది.