రబ్బరు పాముకు ఒంట్లో బాగలేని నాగుల పంచమి

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఇతరుల భయం పోగొట్టడం. నా భయం సంగతి ఇంటర్వ్యూలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. సూరత్ దగ్గర కామ్‌రేజ్ దాటాక హైవే పక్కన ఉన్న వన్యప్రాణుల ఆసుపత్రిలో పర్యావరణ శిక్షకురాలిగా చేరాను. అంటే, గాయపడి వచ్చిన పక్షులకూ పాములకూ డాక్టరుగారు కుట్లు వేస్తారు. అవి మళ్ళీ గాయపడకుండా మనుషులు ఎలా మసలుకోవాలో నేను బడులకూ బస్తీలకూ వెళ్ళి చెప్పాలి. ఇదొక ఉద్యోగమని మా ఇంట్లో ఎవరికీ నమ్మకం కుదరలేదు. సాంచాల కార్ఖానాలో మరమగ్గం మీద బట్ట నేసే మా బాపు "నా బిడ్డ దవాఖానల చేస్తది" అని సూరత్‌లో ఉన్న చుట్టాలందరికీ చెప్పుకునేవాడు. ఏ దవాఖానా అని అడిగితే మాట మార్చేవాడు. (దాంతో సగం బస్తీ నన్ను నర్సనుకుంది. జ్వరమొస్తే ఏ గోలీ వేసుకోవాలని నన్నే అడిగేవాళ్ళు.)

ఇక మా అమ్మకు పామంటే ప్రాణం పోయేంత భయం. పాము అనే మాటే పలికేది కాదు, పురుగు అనేది. అయినా ఆసుపత్రికి పాముల సంచులు కుట్టిచ్చింది ఆవిడే. పామును దిండు గలీబులాంటి నూలు సంచిలో వేసి మూతి ముడి వేస్తే, ఆ చీకట్లో అది కదలకుండా పడుకుంటుంది. "ఖాళీ సంచులకు నాకేం భయం" అంటూ ఆకుపచ్చ మీద పసుపు పువ్వులున్న ఒకే తానులోంచి బోలెడన్ని కుట్టింది. నేను ఉపన్యాసాలకు తీసుకెళ్ళే రబ్బరు పామును కూడా అలాంటి సంచిలోనే పెట్టుకునేదాన్ని. దానికి రబ్బరయ్య అని పేరు. నిజం పాముకూ రబ్బరయ్యకూ ఒకే రకం సంచి వాడుతున్నామే, కొంప మునగదా అని అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు.

నాగుల పంచమి వచ్చింది. మా బస్తీలో పుట్ట ఎక్కడిది? మన ఆడవాళ్ళు కార్ఖానా వెనక మట్టికుప్పకు పసుపు రాసి పాలు పోస్తారు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. పాములవాళ్ళు బుట్టలతో వచ్చి, దాహంతో మాడ్చిన పాముల నోట్లో పాలు పోయిస్తేనే అవి జబ్బుపడి మా దగ్గరికి వస్తాయి. ఆ సంగతి తెలుగులో చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే కనుక నన్ను పంపారు. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు, ఈ సభ బాగా జరిగితే ఆలోచిద్దామని డాక్టరుగారు అన్నారు. అదే పొద్దున డాక్టరుగారు పల్సానా అవతల పొలాల్లో ఒక జెర్రిపోతును వదలడానికి బయల్దేరారు. తోట చుట్టూ కట్టిన వలలో చిక్కి ఒళ్ళంతా కోసుకుని వచ్చిన పాము అది. వానలు మొదలైనప్పటి నుంచి మా దగ్గరే ఉండి కుట్లు మాని, కొత్త చర్మంతో నిగనిగలాడుతోంది. గుమ్మం దగ్గర బల్ల మీద రెండు సంచులున్నాయి. హడావిడిలో ఆయనొకటి తీసుకున్నారు, నేనొకటి తీసుకున్నాను.

బస్తీ హాలు నిండా ఆడవాళ్ళు, చేతుల్లో పాల గ్లాసులు. అమ్మ గుమ్మం అవతలే నిలబడింది, రబ్బరుదైనా సరే దగ్గరికి రానంది. ముందు వరసలో మా పెద్దమ్మ ఇత్తడి పళ్ళెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని కూర్చుంది. నేను గొంతు సవరించుకుని, "పాము మనల్ని చూసి భయపడుతుంది, మనం కదలకుండా ఉంటే అదేం చేయదు" అని మొదలుపెట్టి, బల్ల మీదున్న సంచి ముడి విప్పసాగాను. అప్పుడే ఫోను మోగింది. డాక్టరుగారు. ఆయన గుజరాతీలో గుసగుసగా, "బేన్, మీ రబ్బరయ్య ఇక్కడ గట్టు మీద పడుకుని ఉన్నాడు. వెళ్ళమంటే వెళ్ళడం లేదు. ఫారెస్టు సాహెబ్ నా మొహం చూస్తున్నారు. మరి నా పాము ఎక్కడుంది?" అన్నారు.

నా వేళ్ళ కింద సంచి వెచ్చగా ఉందో చల్లగా ఉందో కూడా తెలియలేదు. సగం విప్పిన ముడిని మళ్ళీ బిగించాను. ఆయన రావడానికి గంట పడుతుంది. ఈ లోపల ఎవరైనా పామని అరిస్తే చాలు, పక్క కార్ఖానాలోంచి మగవాళ్ళు ఇనప రాడ్లతో పరిగెత్తుకొస్తారు. ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా చూసుకున్న ప్రాణి ఈ హాల్లో చచ్చిపోతుంది. నా ఉద్యోగం సంగతి నిజానికి ఆ తర్వాతే గుర్తొచ్చింది. సంచి పక్కనే బల్లను ఆనుకుని నిలబడ్డాను.

"ఏందే బిడ్డా, ముడి ఇప్పి మళ్ళ గట్టబడ్తివి? జర సూపియ్యరాదు?" అంది పెద్దమ్మ.

"ఇప్పుడు కాదు పెద్దమ్మా. దానికియ్యాల పానం బాగలేదు."

"రబ్బరుదంటివి గదనే. రబ్బరు దానికి పానం బాగలేకపోవుడేంది?" (ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే, నీ రబ్బరు పాముకు నయమైందా అనే పలకరిస్తుంది.)

హాలంతా నవ్వులు. నేనూ నవ్వాను, ఏడుపు రాకుండా ఉండటానికి. పెద్దమ్మ ఊరుకోలేదు, పాల గ్లాసు పట్టుకుని లేచింది. "పండుగ పూట తెచ్చినవ్, ఇన్ని పాలన్న పొయ్యనియ్యి" అంది. నేను అడ్డం పడి, "పాలు దానికి అరగవు" అన్నాను. "రబ్బరుకా?" అంది పెద్దమ్మ. నా వంక అనుమానంగా చూస్తూ ఆవిడ ఇత్తడి పళ్ళాన్ని ఠంగుమని బల్ల మీద పెట్టింది. ఆ అదురుకు సంచి కదిలింది. కొద్దిగానే, నిద్రలో పిల్ల ఒత్తిగిలినట్టు. అందరూ నా మొహం చూస్తున్నారు కనుక సంచిని ఎవరూ చూడలేదు.

అమ్మ చూసింది. గుమ్మం దగ్గర మొహం పాలిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఇక అరుస్తుంది, అంతా అయిపోయింది అనుకున్నాను. అరవలేదు. ఆడవాళ్ళను తోసుకుంటూ నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, సంచి మీద కొంగు కప్పి, రెండు చేతులతో ముడిని పట్టుకుంది. "పాలు మట్టికుప్ప కాడ పొయ్యాలె గని ఈడ కాదు. ఎండ ముదురుతుంది, నడువుండ్రి" అని గద్దించింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెద్దమ్మ గొణుక్కుంటూనే పళ్ళెం ఎత్తుకుంది, మిగతావాళ్ళు వెనకాలే నడిచారు. మట్టికుప్ప దగ్గర నిలబడి నా ఉపన్యాసం మిగతా సగం చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు, బాగా చెప్పావని అందరూ అన్నారు.

నేను తిరిగొచ్చేసరికి అమ్మ బల్ల దగ్గరే ముడిని పట్టుకుని కూర్చుని ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని. డాక్టరుగారు రొప్పుతూ వచ్చి సంచి అందుకోబోతే ఆవిడ వేళ్ళు వదల్లేదు. వదలననడం కాదు, బిగుసుకుపోయాయి. ఒక్కొక్క వేలే నేను విడదీశాను. ఆ సాయంత్రమే జెర్రిపోతు పొలాల్లోకి పాకి వెళ్ళిపోయింది. నా ఉద్యోగమూ ఖాయమైంది. ఆయన తప్పు కూడా ఉంది కనుక ఆయనకు మరో దారి లేదు.

ఇంటికొచ్చాక అమ్మ చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, చాపమీద కూలబడింది. నేను పక్కన కూర్చుని, శిక్షకురాలి ధోరణిలో, "ఎందుకమ్మా అంత భయం? అది జెర్రిపోతు, దానికి విషమే ఉండదు" అన్నాను.

అమ్మ తలెత్తి చూసింది. "గా ముచ్చట అప్పుడు చెప్పకపోతివి? నేను నాగుపామనే అనుకున్న."

అప్పుడు పగలబడి నవ్వాను, ఆవిడా నవ్వింది. పాముల గురించి ఊరందరికీ చెప్పే నాకు, నాగుపామనుకుని కూడా అమ్మ ఆ ముడి వదల్లేదన్న సంగతి మాత్రం ఆ రోజు తట్టలేదు. ఇప్పుడు తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తూనే ఉంటుంది, కళ్ళే ఎందుకో తడుస్తాయి.