తోడల్లుడి సీడీ

కోట్లు కుట్టే దర్జీ తన తోడల్లుడి సీడీని ఇస్త్రీ పెట్టె కింద పెట్టి కాల్చేశాడని వీధిలో చెప్పుకుంటారు. పాల దుకాణం ఆవిడ పొగ తన కళ్ళతో చూశానంటుంది. సెలూన్ ఆయన వాసన తన అద్దాల దాకా వచ్చిందంటాడు. కాల్చింది పగలా సాయంత్రమా, దర్జీ నవ్వుతూ కాల్చాడా పళ్ళు కొరుకుతూ కాల్చాడా అన్నది చెప్పేవాళ్ళ నోటిని బట్టి మారుతుంది. ఎందుకు కాల్చాడంటే మాత్రం అందరిదీ ఒకటే మాట. కుళ్ళు.

ఆ ఒక్క మాటలో అబద్ధం లేదు.

దర్జీకి మంచి ఉన్ని గుడ్డ అన్నా, జాజ్ అన్నా ప్రాణం. ఓడలో వంటవాడిగా పనిచేసిన మేనమామ ఒకసారి సెలవుకు వస్తూ అతనికొక రికార్డు తెచ్చిపెట్టాడు. అట్ట మీద ఒక ముసలాయన మెట్ల మీద కూర్చుని, మోకాళ్ళ మీద సాక్సోఫోన్ పెట్టుకుని, ఎవరి కోసమో చూస్తుంటాడు. ఆ రికార్డు వేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదు. అందుకే ప్రతి ఆదివారం మధ్యాహ్నం దర్జీ షాపు వెనక గదికి ముగ్గురు చేరేవాళ్ళు. ఒకరు లెక్కల మాస్టారు. ఇంకొకరు మబ్బు లేని రోజున కూడా గొడుగు లేకుండా గడప దాటని పెద్దమనిషి, అందుకే ఆయన గొడుగాయన. మూడోవాడు దర్జీ భార్య చెల్లెలి మొగుడు, మందుల షాపు నడుపుతాడు. వాళ్ళకు అది మెట్ల రికార్డు, వాయించేది పెద్దాయన.

ఆ రికార్డును దర్జీ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అతను చేతులు కడుక్కుని, మఖ్మల్ ముక్కతో దాన్ని తుడిచి, సూది దించేవాడు. ఆ కాసేపూ మాస్టారు కూడా దగ్గు ఆపుకునేవారు. రెండో పాటలో ఒకచోట గీత పడి ఉంది. అక్కడికొచ్చేసరికి సూది చిన్న గెంతు గెంతేది. ఆ గెంతుకు తగ్గట్టు గొడుగాయన గొడుగు కొనతో నేల మీద ఒక్క పోటు పొడిచేవాడు. అది పాటలో భాగమే అన్నంతగా అలవాటైపోయింది.

వాళ్ళకొక ఆట కూడా ఉంది. ఒకరు ఏదో ఒకటి పెట్టి, అట్ట మీద తువ్వాలు కప్పేస్తారు. వాయించేదెవరో మిగతావాళ్ళు చెప్పాలి. దర్జీ రెండు ఊపిర్లు విని చెప్పేసేవాడు. "నీ చెవులు కోసి ఇంట్లో పెట్టుకోవాలయ్యా" అనేవారు మాస్టారు. ఇక ఆ వారమంతా దర్జీకి సూదిలో దారం మొదటిసారికే ఎక్కేది.

ఒక ఆదివారం తోడల్లుడు చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చాడు.

"అన్నయ్యా, మన మెట్ల రికార్డు సీడీగా వచ్చింది! పాత టేపులు శుభ్రం చేసి మళ్ళీ వేశారు. ఇదిగో."

'మన' అన్న మాట దర్జీకి గుండుసూదిలా దిగింది. సీడీ చేతిలోకి తీసుకుని చూశాడు. అదే మెట్లు, అదే ముసలాయన. కాకపోతే అరచేతిలో పట్టేంత.

"ఇంత చిన్నగా అయిపోయాడేంటి?" అన్నాడు.

"వినండి ముందు. మా ఇంటికి పోదాం పదండి."

సీడీ ప్లేయరు ఉన్నది తోడల్లుడి ఇంట్లోనే. తప్పలేదు. కొత్త సోఫాకు ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు, కదిలితే చప్పుడవుతోంది. దర్జీ కదలకుండా కూర్చున్నాడు. తోడల్లుడు చేతులు కడుక్కోలేదు, తుడవలేదు. ఒక మీట నొక్కాడు, అంతే.

పెద్దాయన ఊపిరి తీసుకోవడం వినపడింది. గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పక్కనే కూర్చున్నట్టుంది," అన్నాడు గొడుగాయన. "ఆ రికార్డు చిటపటల్లో వింటే వానలో తడుస్తూ విన్నట్టుండేది."

"ఆ వాన కోసమేగా నువ్వు గొడుగు తెచ్చేది," అన్నారు మాస్టారు. "ఏమోయ్ దర్జీ, నువ్వేమంటావ్?"

"ఆస్పత్రి గదిలా ఉంది. శుభ్రంగానే ఉంది. ఎవడుంటాడు అందులో?"

అందరూ నవ్వారు. తోడల్లుడు కూడా నవ్వాడు, అదే దర్జీకి మరీ కష్టమనిపించింది. రెండో పాట వచ్చింది. రికార్డులో గీత ఉన్న చోటికి రాగానే గొడుగాయన పోటు పొడవబోయాడు. పాట గెంతలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళు వినని చిన్న ముక్క ఒకటి, మెట్టు మీంచి మెట్టుకు దిగుతున్నట్టు, నెమ్మదిగా గదిలోకి వచ్చింది. గొడుగాయన గొడుగు గాల్లోనే ఆగిపోయింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అది బాగుంది. ఎంత బాగుందంటే, దర్జీకి కడుపులో మంట పుట్టేంత. తన మేనమామ తెచ్చిన పాటలో తనకు లేని ముక్క వీడింట్లో ఉంది!

"మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు," అన్నారు మాస్టారు. దర్జీ షాపులో ఆయన ఎప్పుడూ అలా అడగలేదు. అడిగితే రికార్డు అరిగిపోతుందని దర్జీ ఒప్పుకునేవాడు కాదు.

తరువాత ఆదివారం కూడా అక్కడే. ఆ రోజు ఆట మొదలుపెట్టింది తోడల్లుడు. ప్లేయరు మీద తువ్వాలు కప్పి, మీట నొక్కాడు. సాక్సోఫోన్ మొదలైంది. మెట్ల రికార్డులోని మొదటి పాటే, కానీ వాయింపు వేరు. అది ఎక్కే చోట ఇది ఆగుతోంది, అది ఏడిచే చోట ఇది ఏదో గుర్తొచ్చినట్టు నవ్వుతోంది. దర్జీ చాలాసేపు విన్నాడు.

"ఎవడో కుర్రాడు," అన్నాడు చివరికి. "పెద్దాయన్ని చూసి నేర్చుకున్నాడు. గొంతు పట్టుకున్నాడు గానీ ఆ బుద్ధి ఎక్కడినుంచి వస్తుంది? నకలు."

తోడల్లుడు నెమ్మదిగా తువ్వాలు తీశాడు. అదే సీడీ. మాస్టారు సీడీ అట్టలోని చిన్న పుస్తకం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు. "అదే రోజు, అదే గది, అదే మనిషి. రెండోసారి వాయించి, అప్పట్లో వెయ్యకుండా పక్కన పెట్టిందట. ఇప్పుడు చివర్లో కలిపారు." పుస్తకం మూసి, దర్జీ వైపు చూసి నవ్వారు. "అయితే నీకు తెలిసింది పెద్దాయన కాదన్నమాట. నీ రికార్డు!"

నవ్వు ఆపుకోలేక గొడుగాయనకు పొలమారింది. దర్జీ చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాడు.

"ముఖం అలా పెట్టారేంటి?" అంది భార్య ఇంట్లో.

"నీ చెల్లెలి మొగుడు నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు."

"ఓహో. నిన్నటిదాకా మీ తమ్ముడు, ఇవాళ మా చెల్లెలి మొగుడయ్యాడా?"

మర్నాడు పొద్దున్నే షాపు తెరిచి, దర్జీ రికార్డు బయటికి తీశాడు. తను చెప్పిందే నిజమని, అసలైన వాయింపు ఇదేనని తన చెవులకు తనే రుజువు చేసుకోవాలి. మొదటి పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాడు. ఇంతలో పెళ్ళి కోటు కొలతలకని ఒక పెళ్ళికొడుకు కాబోయే మామగారితో సహా దిగాడు. దర్జీ రికార్డును కిటికీ పక్కనున్న కత్తిరింపు బల్ల మీద పెట్టి ముందు గదిలోకి వెళ్ళాడు. భుజాలు కొలిచి, చేతులు కొలిచి, పెళ్ళికూతురి తండ్రి సలహాలన్నీ విని తిరిగొచ్చేసరికి ఎండ బల్ల మీదికి వచ్చేసింది. రికార్డు అంచు టోపీ అంచులా పైకి లేచి ఉంది.

వంకర తిరిగిన కోటు కాలరును దర్జీ ఎలా సరిచేస్తాడో వీధిలో అందరికీ తెలుసు. తడిగుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టె ఆనీ ఆననట్టు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తాడు. చేతికి తెలిసిన పని అదొక్కటే. రికార్డు మీద మఖ్మల్ ముక్క వేశాడు, దాని మీద తడిగుడ్డ పరిచాడు, పెట్టె ఆనించాడు. మొదటిసారికి అంచు దిగింది. ఆనందం పట్టలేక రెండోసారి ఆనించాడు. పెట్టె ఎత్తేసరికి మఖ్మల్ కూడా దాంతోపాటే లేచి వచ్చింది, కరిగిన రికార్డు తీగలుగా సాగుతూ. గది నిండా నల్లటి పొగ. పొగ వీధిలోకి వెళ్ళింది. పాల దుకాణం ఆవిడ చూసింది ఆ పొగే.

ఆ తరువాత దర్జీ ఎవరితోనూ ఆ సంగతి చెప్పలేదు. ఆదివారాలు తలనొప్పి అని తప్పించుకున్నాడు. కుట్టుకుంటూ మొదటి పాటను కూనిరాగంగా తీద్దామని చూశాడు. మొదటి రెండు మెట్లూ సరిగ్గానే ఎక్కేవాడు. మూడోచోట నోరు తనంతట తనే ఆగిపోయేది. ఆగి, నవ్వేది. రెండో వాయింపు! వద్దనుకున్నా అదే వస్తోంది. మిషన్ ఆపి, తల గోక్కుని, మళ్ళీ మొదలుపెట్టేవాడు. మళ్ళీ అదే.

చివరికి ఒక మధ్యాహ్నం తోడల్లుడు మందుల షాపులో ఉంటాడనుకున్న వేళ చూసి వాళ్ళింటికి వెళ్ళాడు. తలుపు తీసింది తోడల్లుడే.

"రండన్నయ్యా! తలనొప్పి తగ్గిందా?"

దర్జీ నిలబడే ఉన్నాడు. ఈ మాట అనడానికి ఎన్ని వీధులు చుట్టి వచ్చాడో అతనికే తెలుసు. "ఆ సీడీ ఒకసారి ఇస్తావా?"

"మీకా? మీ దగ్గర రికార్డే ఉందిగా?"

"కాలిపోయింది."

"మొత్తమా?" అన్నాడు తోడల్లుడు. సోఫా మీద కూలబడ్డాడు, ప్లాస్టిక్ కవరు గట్టిగా అరిచింది. పోయింది ఎవరి సొత్తో, పరామర్శకు వచ్చిందెవరో దర్జీకే అయోమయంగా అనిపించింది.

టీ తెచ్చిన మరదలు ఇద్దర్నీ చూసి నిట్టూర్చింది. "పెళ్ళైన కొత్తలో ఈయన ఆదివారం మీ ఇంటి నుంచి వస్తే అన్నం ముట్టేవాడు కాదు బావా. అది ఆయనకే ఎందుకు దొరకాలి, నాకెందుకు దొరకలేదు అని గోడతో మాట్లాడేవాడు. మా అక్క అదృష్టం చూసి నేను కుళ్ళుకోవాలి గానీ, ఈయనకేంటి చెప్పండి?"

"నువ్వు లోపలికెళ్ళు," అన్నాడు తోడల్లుడు, చెవులు ఎర్రబడి.

చాలా రోజుల తరువాత దర్జీకి టీ తియ్యగా అనిపించింది. తోడల్లుడు సీడీ చేతికిచ్చి, వైరు చుట్టి ప్లేయరు కూడా సంచిలో పెట్టాడు. "తీసుకెళ్ళండి, నాకు షాపులో ఇంకొకటి ఉంది."

ఇంకొకటి కూడా ఉందా వీడికి, అనుకున్నాడు దర్జీ. దార్లో సగం దూరం దాకా ఆ రెండో ప్లేయరు మీదే మంట.

ఆ వారం సీడీ వినడానికి వచ్చిన గొడుగాయనను చూసి మరదలు గుమ్మంలోంచే నవ్వింది. "బావ చేతికి వెళ్ళిందండీ. ఇక దాని మీద ఆశ వదులుకోండి." గొడుగాయన పాల దుకాణం దగ్గర ఆగి ఆ మాట చెప్పాడు. ఆవిడ తాను చూసిన పొగ సంగతి చెప్పింది. రెండూ కలిసి సాయంత్రానికల్లా సెలూన్ దాకా వెళ్ళాయి.

సీడీ మీద గీత కూడా లేదు. దర్జీ షాపు వెనక గదిలో ఉంది. రోజూ షాపు తెరవగానే అతను ముందుగా పెట్టుకునేది రెండో వాయింపే. ఆ సంగతి తోడల్లుడికి ఇప్పటిదాకా చెప్పలేదు.