బాషా కారుకు టార్క్ రెంచి

ఉద్యోగ జీవితం ఆఖరి మూడేళ్లు బేతంచెర్లలో, ఒక నాపరాళ్ల వ్యాపారి లారీ షెడ్డులో ఫోర్‌మన్‌గా చేశాను. నా కింద హెడ్ మెకానిక్ బాషా. చక్రాల నట్లు బిగించడంలో అతని చేతి అందాజుకు తిరుగు లేదు.

నేను చేరిన ఏడాదే షుగర్ జబ్బుతో అతని వేళ్లు మొద్దుబారడం మొదలైంది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పుకున్నాడు. యజమానికి తెలిస్తే గేటు కాపలాకు మారుస్తాడని అతని భయం. ముప్పై ఏళ్లు స్పానర్ పట్టినవాడికి అది తలవంపులే.

ఒక ఆదివారం ఇంట్లో తన పాత కారు చక్రాలు విప్పి బ్రేకులు శుభ్రం చేసుకుంటానంటే, షెడ్డులోని టార్క్ రెంచి ఇచ్చి పంపాను. నట్టు ఎంత బలంతో బిగించాలో దాని పిడి మీద ముందే అంకె పెట్టుకోవచ్చు. ఆ బలం అందగానే టిక్కుమంటుంది, అక్కడ ఆపేయాలి. వేళ్ల స్పర్శతో పనిలేదు, చెవి చాలు. కారు కాబట్టి అంకె బాగా తక్కువకు తిప్పి పెట్టుకొమ్మని పెద్ద తెలిసినవాడిలా సలహా కూడా ఇచ్చాను.

సోమవారం రెంచినీ, కారు చక్రంలో విరిగిన బోల్టునూ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"టిక్కుమంటాదని కాచుకుంటా లాగినా సార్. విరిగేదాకా నాకు తెలీలా. ఈ చెయ్యి ఇంక పనికి రాదు. రేపట్నుంచి రాను" అన్నాడు.

నిజం చెప్పాలంటే, నేనూ అతని చేతినే తప్పుపట్టాను. సాయంత్రం రెంచి తిరిగి పెట్టెలో పెడుతూ పిడి మీద అంకెలు చూసి సిగ్గుతో చచ్చిపోయాను. అది లారీల రెంచి. మొదటి గీతే ఇరవై కేజీ-మీటర్లు, అంటే మీటరు దూరంలో ఇరవై కేజీలు వేలాడినంత బలం. కారు నట్టుకు కావలసింది పది. మొదటి గీత కన్నా కిందికి తిప్పితే ఏ రెంచీ నిజం చెప్పదు. ఆడలేక మద్దెల ఓడు అంటారు. ఇక్కడ మద్దెలే ఓడైతే ఆడేవాడు తనను తాను తిట్టుకున్నాడు. ఆ మద్దెల ఇచ్చింది నేను.

అప్పుడే బాషా ఇంటికి వెళ్లి తప్పు నాదని ఒప్పుకున్నాను. మరుసటి రోజు కారుకు సరిపడే రెంచి కొనడానికి ఇద్దరం కర్నూలు వెళ్లాం.

"పెద్దది తీసుకోండప్పా, లారీకీ వస్తాది, కారుకీ వస్తాది" అన్నాడు దుకాణదారు. ఆ లెక్కే మా కొంప ముంచిందని చెప్పి, నాలుగు నుంచి ఇరవై కేజీ-మీటర్ల దాకా కొలిచే, సాకెట్ తగిలించే మొన అరంగుళం ఉండే రెంచి అడిగాను. మనకు కావలసిన అంకె గీతల నడుమ పడాలి, అంచున పడకూడదు.

కొన్నదాన్నీ ఊరికే నమ్మలేదు. షెడ్డులో రెంచి తలను బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, పిడిని అడ్డంగా ఉంచి, అంకె పదికి పెట్టాం. పాతిక కేజీలు తూగిన నాపరాయి ముక్కకు తాడు కట్టి, తల నుంచి నలభై సెంటీమీటర్ల దూరంలో మెల్లగా వేలాడదీశాం. పాతికను పాయింటు నాలుగుతో హెచ్చిస్తే పది. టిక్కుమంది.

"ఇనపడింది సార్!" అని అరిచాడు బాషా, పక్కనే ఉన్న నాకు వినపడలేదేమో అన్నట్టు. ఆ అరుపుకు నాకూ శానా సంతోషం వేసింది.

నేను రిటైరయ్యేదాకా షెడ్డులో చక్రాలు బాషానే బిగించాడు, లారీలకు లారీ రెంచితో. తన కారుకు మాత్రం కొత్తది. మనిషి తన చెయ్యి పోయిందన్నప్పుడు, ఆ చేతికి తానేమిచ్చాడో ఫోర్‌మన్ ముందు చూసుకోవాలి.